చేతిలో 18,000 రూపాయలు: కావలిలో ఏ వ్యాపారం పెట్టాలి?

కావలి_గృహిణి
అందరికీ నమస్కారం. మాది కావలి, ముసునూరు వైపు అద్దె ఇల్లు. మా ఆయన రొయ్యల మేత తోలే లారీకి డ్రైవరు. చెరువులు ఖాళీగా ఉన్న నెలల్లో సగం సంపాదన కూడా ఉండదు. పిల్లలిద్దరూ బడికి వెళ్తారు, అత్తగారు మంచంలో ఉన్నారు. పొద్దంతా బయట ఉండే పని నాకు కుదరదు.

మొన్న చీటీ పాడుకున్నాం. ఇవ్వవలసినవన్నీ ఇచ్చేశాక 18,000 రూపాయలు మిగిలాయి. ఇవి ఇంటి ఖర్చుల్లో కరిగిపోకముందే ఏదో ఒకటి మొదలుపెట్టాలని నా పట్టుదల. వీధి వైపు గదిలో గాజులు, బొట్టుబిళ్లలు, క్లిప్పులు పెట్టి ఫ్యాన్సీ కొట్టు తెరుద్దామనుకుంటున్నాను. సరుకు నెల్లూరు నుంచి తెచ్చుకోవచ్చు. ఈ డబ్బు చాలదేమోనని, మా వీధికి వసూళ్లకు వచ్చే ఫైనాన్స్ ఆయనను అడిగితే 30,000 ఇస్తానన్నాడు. ముందే మూడు వేలు పట్టుకుని 27,000 చేతికిస్తాడు. రోజుకు 300 చొప్పున వంద రోజులు కట్టాలి. మొత్తం మీద మూడు వేలే కదా, ఎక్కువేమీ కాదనిపిస్తోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

పెన్నా_ఒడ్డు
అమ్మా, నేను బ్యాంకులో అప్పుల విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేశాను, ఉండేది నెల్లూరు. కొట్టు సంగతి తర్వాత. ముందు ఆ అప్పు లెక్క చూడండి.

27,000కు మూడు వేలంటే నూటికి పదకొండు రూపాయలుగా కనిపిస్తుంది. కానీ ఆ 27,000 వంద రోజులూ మీ దగ్గర ఉండదు. మర్నాటి నుంచే 300 చొప్పున వెనక్కి వెళ్తుంటుంది. యాభయ్యో రోజు వచ్చేసరికి మీ దగ్గర ఉండే అప్పు సొమ్ము సుమారు సగమే. రోజురోజుకూ తగ్గే అసలు మీద లెక్క కట్టి చూడండి, నెలకు నూటికి ఆరు రూపాయలు దాటిన వడ్డీ అవుతుంది. ఏడాదికి 75 శాతం పైమాటే. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటేనే మన పల్లెల్లో అమ్మో అంటారు. అదే మనిషి వంద రోజుల లెక్కలో ఆరు రూపాయల వడ్డీ చెబితే ఎవరికీ కనిపించదు.

ఇంకో సంగతి. ఫ్యాన్సీ సరుకులో రూపాయికి ముప్పై పైసలు మిగులుతాయనుకుందాం. రోజుకు 300 కట్టాలంటే వెయ్యి రూపాయల అమ్మకం ఉండాలి, అదీ తెరిచిన మర్నాటి నుంచి. అప్పటికీ మీ ఇంట్లోకి రూపాయి వచ్చినట్టు కాదు. ముసునూరు వీధిలో అంత బేరం జరుగుతుందా?

వ్యాపారం ఏదైనా పెట్టండి, ఆ డబ్బు మాత్రం ముట్టుకోకండి. వాయిదాల వసూళ్ల ఒత్తిడి భరించలేనిది కావడం వల్లే 2010 అక్టోబరులో మన రాష్ట్రంలో సూక్ష్మ రుణ సంస్థల మీద ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఆ రోజుల్లో కొన్ని ఇళ్లలో ఏం జరిగిందో నేను దగ్గర నుంచి చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మార్కాపురం_పలక
మా అమ్మ మార్కాపురంలో గాజుల కొట్టు చాలా ఏళ్లు నడిపింది. అది చూస్తూ పెరిగినవాడిని కాబట్టి చెప్పగలను.

గాజుల్లో సైజులు ఉంటాయి: రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది, రెండు పది. ఒక్క డిజైను, ఒక్క రంగు తెచ్చినా ఈ సైజులన్నీ తేవాలి. నడుమ ఉన్న రెండు సైజులు ముందు అయిపోతాయి. చిన్నవి, పెద్దవి మిగిలిపోతాయి. తర్వాత వచ్చినావిడ అదే డిజైను అడుగుతుంది, ఆమె చేతికి సరిపోయేవి ఉండవు. శ్రావణమాసంలో, పెళ్లిళ్ల రోజుల్లో, సీమంతాలప్పుడు కొట్టు కళకళలాడుతుంది. మూఢం వచ్చిందంటే వారాల తరబడి తీసిన తలుపు తీసినట్టే ఉంటుంది. ఈలోగా డిజైన్లు మారిపోతాయి.

లాభం లేదని కాదు. లాభమంతా అమ్ముడుపోని సరుకుగా గోడ మీదే ఉంటుంది. ఆ గాజుల దండలతో ఇంటి అద్దె కట్టలేం. చేతిలో రెండు లక్షలుండి, బజారులో కొట్టు దొరికితే ఆలోచించవచ్చు. 18,000తో మాత్రం వద్దు అక్కా.

ఒంగోలు_గిత్త
సరుకు కొనకుండానే అమ్మే మార్గం ఉంది అక్కా. చీరల హోల్‌సేల్ వాళ్లు వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు పెడతారు. వాటికి మన ధర వేసి తెలిసినవాళ్లకు పంపాలి. ఎవరైనా అడిగితే ముందు డబ్బు తీసుకుని, ఆ తర్వాతే హోల్‌సేల్ వాళ్లకు కట్టాలి. పార్సిల్ నేరుగా వాళ్లింటికే వెళ్తుంది. మా చెల్లెలు ఒంగోలులో ఇదే చేస్తోంది. చీరకు నూరు, నూట యాభై మిగులుతాయి. పెట్టుబడి సున్నా.

మార్కాపురం_పలక
తమ్ముడూ, రంగు తేడా వచ్చిందని చీర వెనక్కి ఇస్తే ఎవరు భరిస్తారు?

ఒంగోలు_గిత్త
అది ఉంది అన్నా. వెనక్కి తీసుకోని హోల్‌సేల్ వాళ్లే ఎక్కువ. నష్టం మన మీదే పడుతుంది. బంధువులకు అమ్మినప్పుడు డబ్బు అడగడం కూడా కష్టమే. అయినా పండగలకు పక్క ఆదాయంగా బాగుంటుందని నా అభిప్రాయం.

ఉదయగిరి_చెక్క
మాది ఉదయగిరి. కొండ కట్టెతో చెంచాలు, గరిటెలు చేసే ఇల్లు మాది. మా పనికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది. చెడిపోని సరుకు కదా, మీకేం భయమని అందరూ అంటారు. నిజమే, గరిటె ఏళ్ల తరబడి చెడదు. కానీ అది అమ్ముడయ్యేదాకా కట్టె డబ్బూ కూలి డబ్బూ దాంట్లోనే ఇరుక్కుని ఉంటాయి. ఎగ్జిబిషన్ ఉంటే ఒక్క వారంలో గోనెలు ఖాళీ అవుతాయి. లేదంటే నెలల తరబడి మూలన ఉంటాయి. మా ఇంటి ఆడవాళ్ల డ్వాక్రా రుణం ఉంది కాబట్టి ఆ ఎదురుచూపును తట్టుకుంటున్నాం. తక్కువ డబ్బు ఉన్నవాళ్లు ఈ రోజు పెట్టింది రేపు చేతికొచ్చే పని చూసుకోవాలి. సరుకు చెడుతుందా లేదా అన్నది ఆ తర్వాతి మాట.

చీమకుర్తి_టిఫిన్
ఉదయగిరి అన్న మాటకు నా ఓటు. చీమకుర్తి క్వారీల దగ్గర నాకు టిఫిన్ బండి ఉంది. మీరు ఇల్లు కదలలేరు కాబట్టి బండి మీకు కుదరదు. అయితే బండికి వెనక ఉండే పని ఒకటుంది: ఇడ్లీ పిండి, దోసె పిండి. మా దగ్గర ఉద్యోగాలకు వెళ్లే ఆడవాళ్లు ఇప్పుడు రుబ్బుకోవడం మానేశారు, ఎవరైనా శుభ్రంగా చేసి అమ్మితే కొనుక్కుంటున్నారు. కావలిలోనూ అంతే ఉంటుంది. బ్యాంకుల వాళ్లు, టీచర్లు, మొగుడూ పెళ్లాలిద్దరూ పనికి పోయే ఇళ్లు ఎన్ని లేవు?

లెక్క చెబుతాను, మా ఊరి ధరల్లో. మినపగుండ్లు కిలో 130. ఇడ్లీ రవ్వ రెండు కిలోలు 100. ఉప్పు, కరెంటు కలిపి 10 వేసుకోండి. మొత్తం 240. దీనికి సుమారు ఆరున్నర కిలోల పిండి వస్తుంది. అంటే కిలోకు మీకు పడేది 37. అమ్మేది 60. మిగిలేది 23. రోజుకు పది కిలోలు చేసి, అందులో ఒక కిలో మిగిలిపోయిందనుకున్నా, రూ. 170 దాకా మీకు ఉంటుంది.

తక్కువే అనిపించవచ్చు. కానీ దీనికి పెట్టిన డబ్బు ఎంత? 370. అది మర్నాటి సాయంత్రానికి లాభంతో సహా తిరిగి వచ్చేస్తుంది. ఆ 370 నెలంతా తిరుగుతూనే ఉంటుంది. 15,000 పెట్టి తెచ్చిన గాజులు ఏడాదికి ఎన్నిసార్లు తిరుగుతాయో మార్కాపురం అన్నను అడగండి. ఇంట్లో గ్రైండరు ఉంటే కొత్తది కొనవద్దు. ఒక తూకం మిషను, మూతలున్న స్టీలు క్యాన్లు కొనుక్కుని మొదలుపెట్టండి. మీ 18,000లో అయిదు వేలు కూడా కదపనక్కరలేదు.

ఒంగోలు_గిత్త
ఇంట్లో పనంతా చేసుకుంటూ, అత్తగారిని చూసుకుంటూ, రోజుకు 170 కోసం ఇంత చాకిరీనా అన్నా? నెలకు అయిదు వేలు. దానికంటే ఆవకాయ, గోంగూర పచ్చళ్లు పెట్టి ఊళ్లకు పంపితే కిలోకు నూటయాభై మిగులుతుంది కదా.

చీమకుర్తి_టిఫిన్
తమ్ముడూ, ఆవకాయ పెట్టేది ఎండాకాలంలో, అమ్మేది ఏడాదంతా. కాయలు, కారం, ఆవపిండి, నూనె అన్నీ ఒకేసారి కొనాలి. 18,000 మొత్తం జాడీల్లోకి వెళ్లిపోతుంది. మధ్యలో పిల్లల ఫీజు వస్తే ఏం తీస్తారు? కొనేవాళ్లు ముందే సిద్ధంగా ఉన్నవాళ్లకు పచ్చళ్లు మంచి వ్యాపారమే, కాదనను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు నాలుగు ఇళ్ల నమ్మకం సంపాదించుకోవాలి. పిండి కొనేవాళ్లు వారానికి మూడుసార్లు మీ గడపకు వస్తారు. ఆ తర్వాత వాళ్లకు పచ్చడి అమ్మడం పెద్ద కష్టం కాదు.

కలిగిరి_పొదుపు
చెల్లీ, నేను కలిగిరి మండలంలో పొదుపు సంఘం లీడరుని. మీరు ఏ సంఘంలోనైనా ఉన్నారా? ఫైనాన్స్ మనిషిని అడిగారంటే లేరనే అనుకుంటున్నాను. మీది పురపాలక పట్టణం కాబట్టి సంఘాలు పట్టణ పేదల కోసం ఉన్న మెప్మా అనే ప్రభుత్వ సంస్థ కింద ఉంటాయి. మా పల్లెల్లో వెలుగు అనే గ్రామీణ పథకం కింద. మీ వార్డులో సంఘాల పనులు చూసే రిసోర్సు పర్సన్‌ను కలిసి, ఖాళీ ఉన్న సంఘంలో చేరండి. లేదా పదిమంది కలిసి కొత్తది పెట్టుకోండి. కొత్త సంఘానికి బ్యాంకు వెంటనే అప్పివ్వదు. కనీసం ఆరు నెలలు సమావేశాలు, పొదుపు, పుస్తకాలు సరిగ్గా నడిపి చూపించాలి. కానీ ఈలోగా మీ పొదుపులోంచే ఒకరికొకరు అప్పిచ్చుకోవచ్చు. మా సంఘంలో అది నూటికి రూపాయి వడ్డీ. ఆ రూపాయి కూడా సంఘంలోనే ఉంటుంది. ఆరు రూపాయలు ఎక్కడ, ఒక రూపాయి ఎక్కడ!

మన జిల్లాలో ఈ పొదుపు ఉద్యమం ఎలా పుట్టిందో మీకు తెలిసే ఉంటుంది. మా మండలంలోని దూబగుంట ఆడవాళ్లు సారా అంగళ్ల మీద తిరగబడ్డారు, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. తాగుడుకు పోయే డబ్బును రోజుకు రూపాయి చొప్పున పక్కన పెట్టుకుందామని అప్పుడు మొదలైందే నెల్లూరు పొదుపు. రూపాయి రూపాయి కూడబెట్టి బర్రెలు కొన్నవాళ్లు, కుట్టుమిషన్లు కొన్నవాళ్లు మా ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. చిన్న డబ్బును చిన్నచూపు చూడకండి.

కావలి_గృహిణి
ఇంతమంది ఇంత శ్రద్ధగా చెబుతారని అనుకోలేదు. ఫైనాన్స్ ఆయనకు వద్దని చెప్పేశాను. పిండి ఆలోచన మా ఆయనకు కూడా నచ్చింది. ఇంట్లో రెండు లీటర్ల గ్రైండరు, పాత ఫ్రిజ్ ఉన్నాయి. నా భయమంతా ఎండాకాలం గురించే. రోహిణి కార్తెలో కావలి ఎండకు పిండి మధ్యాహ్నానికే పులిసిపోతుంది. ఇంకో ప్రశ్న, చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే ముద్ర లోనులో సబ్సిడీ ఎంత ఇస్తారు? లైసెన్సు ఏదైనా కావాలా?

చీమకుర్తి_టిఫిన్
పులుపు గురించి. రుబ్బేటప్పుడు చల్లటి నీళ్లు పోయండి, ఎండాకాలం అయితే ఫ్రిజ్ నీళ్లు. రాయి వేడెక్కితే పిండి అప్పుడే పులవడం మొదలుపెడుతుంది. పప్పు అవసరానికి మించి నానబెట్టవద్దు. సాయంత్రం అమ్మేది మధ్యాహ్నం రుబ్బి, పులవకుండానే ఫ్రిజ్‌లో పెట్టండి. కొన్నవాళ్లు రాత్రి బయట ఉంచుకుంటే పొద్దుటికి వాళ్లింట్లోనే పొంగుతుంది. ఉప్పు కూడా ముందే కలపకండి. ఈ రెండూ కొనేవాళ్లకు చెబితే సగం ఫిర్యాదులు ఉండవు. మిగిలిన పిండిని మర్నాటి పిండిలో ఎప్పుడూ కలపవద్దు. దాన్ని ఇంట్లో పుల్లట్లు వేసుకోండి. ఒక్కసారి కలిపారా, ఆ రోజు పిండి అంతా పాడవుతుంది, పేరు కూడా దాంతోనే పోతుంది.

శనివారం రాత్రి అన్నం మానేసి ఫలహారం చేసే ఇళ్లు మన వైపు చాలా ఉన్నాయి. కాబట్టి శుక్రవారం సాయంత్రం, శనివారం ఎక్కువ చేయండి. కార్తీకమాసంలో సోమవారాలూ అంతే. పండగ మర్నాడు తగ్గించండి.

కవర్ల జోలికి పోకండి. 120 మైక్రాన్ల కంటే పలచని క్యారీ బ్యాగుల మీద 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం ఉంది. ఎవరి గిన్నె వాళ్లు తెచ్చుకుంటే అర కిలో, కిలో తూచి పోయండి. తూకం మీద తూనికల శాఖ ముద్ర ఉండాలి, కొనేటప్పుడే చూసుకోండి.

పెన్నా_ఒడ్డు
లైసెన్సు విషయం. ఇంట్లో చేసి అమ్మినా సరే, ఆహారం కాబట్టి, ఆహార భద్రతను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. చిన్న వ్యాపారులకు ఆన్‌లైన్‌లోనే అవుతుంది. మా ఇంటి పక్కావిడ తీసుకున్నప్పుడు ఏడాదికి 100 రూపాయలు కట్టింది. పద్నాలుగు అంకెల సంఖ్య వస్తుంది, అది గోడ మీద కనిపించేలా పెట్టండి. చిన్న వ్యాపారాలను నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ 2020 జులై నుంచి ఉంది, ఆధార్‌తో పూర్తి ఉచితం. దానికి వెయ్యి, రెండు వేలు అడిగే మధ్యవర్తులు, అచ్చం ప్రభుత్వ సైటులా కనిపించే సైట్లు చాలా ఉన్నాయి. ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

ముద్రలో సబ్సిడీ లేదమ్మా. ఈ అపోహ బ్యాంకులో రోజూ చూసేవాణ్ణి. అది అప్పే, వడ్డీతో తిరిగి కట్టాలి. 2015 ఏప్రిల్ 8న మొదలైంది. శిశు విభాగంలో 50,000 వరకు, కిశోర్‌లో 5 లక్షల వరకు, తరుణ్‌లో 10 లక్షల వరకు ఇస్తారు. తాకట్టు పెట్టమని, జామీను తెమ్మని అడగకూడదు. రాయితీ కావాలంటే పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం) లాంటి పథకాలున్నాయి. కానీ అందులో మీ వాటా కొంత పెట్టాలి, వచ్చిన రాయితీ కూడా మూడేళ్ల పాటు బ్యాంకులో డిపాజిట్‌గానే ఉంటుంది. చేతికి వచ్చే డబ్బు కాదది. మీరు ఇప్పుడు ఏ లోనుకూ వెళ్లవద్దని నా సలహా. ముందు నాలుగు నెలలు అమ్మండి. వచ్చే డబ్బు వీలైనంత వరకు ఫోన్‌లో, మీ ఖాతాలోనే పడేలా చూసుకోండి. రేపు బ్యాంకుకు వెళ్లినప్పుడు ఆ స్టేట్‌మెంటే మీ తరఫున మాట్లాడుతుంది.

ఒక చిన్న మాట. మన నెల్లూరు వాళ్లకు దోసె మీద ఎర్రకారం లేకపోతే తిన్నట్టుండదు. పిండితో పాటు చిన్న గిన్నెడు ఎర్రకారం, పప్పుల పొడి పెట్టి చూడండి. మా ఇంట్లో ఆవిడ చదివి ఈ మాట రాయమన్నది.

కందుకూరు_కొత్త
మధ్యలో అడుగుతున్నాను, క్షమించండి. నేను తోపుడు బండి మీద పండ్లు అమ్మాలనుకుంటున్నాను. నాకు కూడా ముద్రే మంచిదా?

పెన్నా_ఒడ్డు
బండికి స్వనిధి లోను చూడండి. 2020 జూన్‌లో వీధి వ్యాపారుల కోసమే వచ్చింది. అప్పట్లో మొదటి విడత 10,000. 2025లో దాన్ని 15,000 చేశారు. సమయానికి కడితే తర్వాతి విడతలు పెద్దవి వస్తాయి, వడ్డీలో కొంత రాయితీ మీ ఖాతాలో పడుతుంది. ముందు పురపాలక కార్యాలయంలో వీధి వ్యాపారిగా గుర్తింపు కార్డు తీసుకోండి.

నిర్వాహకులు
పండ్ల బండి గురించి వేరే చర్చ తెరిచాం. దయచేసి అక్కడ కొనసాగించండి.

కావలి_గృహిణి
కొన్ని నెలల తర్వాత మళ్లీ వస్తున్నాను. మీరు చెప్పినట్టే మొదలుపెట్టాను. తూకం, క్యాన్లు, రిజిస్ట్రేషన్, మొదటి వారం సరుకు అన్నీ కలిపి 4,500 లోపే అయింది. ఇప్పుడు మామూలు రోజుల్లో పదిహేను కిలోలు, శనివారం ఇంకా ఎక్కువ పోతోంది. ఎర్రకారం మాట చెప్పిన నెల్లూరు అమ్మగారికి నా నమస్కారాలు, కొందరు దాని కోసమే వస్తున్నారు. వార్డులో సంఘంలో కూడా చేరాను.

రెండు చిక్కులు వచ్చాయి. మొదటిది అరువు. "రేపిస్తాను", "జీతం రాగానే" అంటూ 2,600 దాకా బయట ఉండిపోయింది. అందరూ ఇరుగుపొరుగే, ముఖం మీద అడగలేకపోతున్నాను. రెండోది, ట్రంకు రోడ్డు వైపు ఒక టిఫిన్ సెంటర్ ఆయన రోజుకు ఇరవై కిలోల పిండి అడుగుతున్నాడు. కిలోకు 45 ఇస్తానంటున్నాడు, డబ్బు వారానికి ఒకసారి. దానికి పెద్ద గ్రైండరు కొనాలి. ఒప్పుకోవాలా? మొదటిసారి పెద్ద బేరం వచ్చింది, వదులుకోవాలంటే మనసు రావడం లేదు.

కలిగిరి_పొదుపు
చాలా సంతోషం చెల్లీ. అరువుకు మా సంఘంలో ఒకామె చేసినది చెబుతాను. ఆమెది పాల వ్యాపారం. పాల టోకెన్ల లాగా చిన్న కార్డులు అచ్చు వేయించింది. మీరు పది కిలోల కార్డు చేయండి. ఆరు వందలకు బదులు 580కే ఇవ్వండి, డబ్బు ముందు. తీసుకున్నప్పుడల్లా ఒక గడి కొట్టేయండి. కొనేవాళ్లకు ఇరవై రూపాయలు కలిసివస్తాయి. ఇరవైమంది కార్డులు తీసుకుంటే 11,600 మీ చేతిలో ముందే ఉంటుంది. వడ్డీ లేని పెట్టుబడి. అయితే అది వాళ్ల డబ్బు, పిండి ఇచ్చేదాకా మీది కాదు. ఇంటి ఖర్చుకు వాడకండి. పాత బాకీవాళ్లను "కార్డు తీసుకుంటే పాతది నాలుగు వాయిదాల్లో ఇవ్వండి" అని అడగండి. ముఖం చెడదు.

పెన్నా_ఒడ్డు
టిఫిన్ సెంటర్ లెక్క. 45లో మీ ఖర్చు 37 పోతే కిలోకు 8 మిగులుతుంది. ఇరవై కిలోలకు రోజుకు 160. కానీ వారం చివరిదాకా 6,300 ఆయన దగ్గర ఉండిపోతుంది. ఆయన ఒక్క వారం ఎగ్గొట్టాడంటే, మీ ఐదారు వారాల లాభం పోయినట్టే. పైగా ఆ సరుకు డబ్బు పెట్టేది మీరు. ఆయన వ్యాపారానికి మీరు వడ్డీ లేని అప్పు ఇస్తున్నారు.

చీమకుర్తి_టిఫిన్
నేను టిఫిన్ వైపు నుంచి చెబుతాను. మాకు కావలసింది రోజూ ఒకే రకం పిండి, నాగా లేకుండా. ధర ఒక రూపాయి అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. పిండి రాని రోజు మేము బండి తీయలేం. మీరు రోజూ ఇవ్వగలనని గట్టిగా అనుకుంటేనే దిగండి.

దిగితే పిండి అమ్మకండి, రుబ్బే కూలి తీసుకోండి. మినపగుండ్లు, రవ్వ ఆయన్నే తెచ్చి పడేయమనండి. కిలో మినపగుండ్లు రుబ్బి, రవ్వ కలిపి ఇవ్వడానికి 65 అడగండి. ఆయనకు సరుకు 230, కూలి 65, మొత్తం 295. ఆరున్నర కిలోలకు పంచితే కిలోకు 45 చిల్లర. అంటే మీకు చెప్పిన ధరకే పడుతుంది, ఆయనకు నష్టమేమీ లేదు. రోజుకు మూడు కిలోల పప్పు వస్తే మీకు 195, సరుకు డబ్బు ఒక్క పైసా ఇరుక్కోదు. ఆయన ఆలస్యం చేసినా బయట ఉండేది మీ కూలి మాత్రమే.

కూలి పప్పు బరువు మీద మాట్లాడుకోండి, పిండి బరువు మీద కాదు. పిండి బరువు మీద అయితే నీళ్లు ఎక్కువ పోశారని ఏదో ఒక రోజు గొడవ వస్తుంది. పప్పు తూచి తీసుకోండి, ఆ రోజే పుస్తకంలో రాసి సంతకం పెట్టించండి. పప్పు మంచిది కాకపోతే రుబ్బకముందే చెప్పండి.

మార్కాపురం_పలక
ఈ సలహా బంగారం. ఇంటి ఓనరును కూడా ముందే అడగండి అక్కా. పెద్ద గ్రైండరు చప్పుడు, నీళ్ల వాడకం వాళ్లకు కనబడుతుంది. కరెంటు కూడా ఇంటి మీటరు మీద ఎక్కువ కాలం నడపలేరు. పని నిలదొక్కుకున్నాక విద్యుత్ కార్యాలయంలో అడిగి వ్యాపార కనెక్షన్ తీసుకోండి.

ఒంగోలు_గిత్త
రోజుకు 170 అని తేలిగ్గా మాట్లాడాను కానీ ఇప్పుడు లెక్క చూస్తే అర్థమవుతోంది. గ్రైండరుకు ముద్ర లోను పెడతారా అక్కా?

కావలి_గృహిణి
లోను అవసరం పడలేదు తమ్ముడూ. నా 18,000లో చాలా భాగం ఖాతాలోనే ఉంది కదా. నెల్లూరులో హోటలు మూసేసిన వాళ్ల దగ్గర అయిదు లీటర్ల టిల్టింగ్ గ్రైండరు 9,000కు దొరికింది. రాళ్లు కొట్టించి తెచ్చుకున్నాం. టిఫిన్ సెంటర్ ఆయన మొదట ఒప్పుకోలేదు, కాగితం మీద లెక్క వేసి చూపించాక సరేనన్నాడు. పప్పు ఆయనే పంపుతున్నాడు, కిలోకు 65, డబ్బు రోజు విడిచి రోజు. నాకు ఒంట్లో బాగోలేని రోజు కోసం పక్కింటి అమ్మాయికి రుబ్బడం నేర్పుతున్నాను. ఆమెకు రోజు కూలి ఇస్తున్నాను.

కార్డులు కూడా పంచాను. పాత బాకీల్లో సగానికి పైగా వచ్చేశాయి. ఇద్దరు మాత్రం ఇవ్వలేదు. వాళ్లకు ఇప్పుడు డబ్బు తీసుకునే పిండి పోస్తున్నాను.

పెన్నా_ఒడ్డు
సరిగ్గా చేశారమ్మా. ఇంకో గ్రైండరో, పెద్ద ఫ్రిజ్జో కావలసి వచ్చినప్పుడు శిశు కింద అడగండి. ఉద్యమ్ సర్టిఫికెట్, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కాగితం, ఆరు నెలల ఖాతా స్టేట్‌మెంటు, కొనబోయే మిషను కొటేషను తీసుకుని మీ ఖాతా ఉన్న శాఖకే వెళ్లండి. దరఖాస్తు ఇచ్చినట్టు రసీదు అడిగి తీసుకోండి.

ఒంగోలు_గిత్త
అక్కా, మా అమ్మ ఎర్రకారం, పప్పుల పొడి రెండూ ఒంగోలు పంపుతారా అని అడగమంటోంది.

కావలి_గృహిణి
ఎర్రకారం పచ్చిది తమ్ముడూ, బస్సు పార్సిల్‌లో నిలవదు. ఇక్కడే అమ్ముతున్నాను. పప్పుల పొడి పంపగలను. అయితే ప్యాకెట్ చేస్తే దాని మీద బరువు, ధర, తయారైన తేదీ, ఎన్నాళ్లలో వాడాలి, చిరునామా, రిజిస్ట్రేషన్ సంఖ్య అన్నీ ఉండాలని తెలిసింది. లేబుళ్లు అచ్చుకిచ్చాను. అవి రాగానే ముందు మీ అమ్మగారికే అర కిలో పంపుతాను. చిరునామా ఇక్కడ రాయకుండా విడిగా సందేశంలో పెట్టండి.